ఈ లెక్కల ఎవరు లేరు?



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆయన బోధన్‌లో గణాంకశాస్త్రం చెప్పిన సారు. ఆయన్ను నేను సారు అనే అంటాను. ఆయన బతికుండగా మాలో ఎవరమూ పేరు పెట్టి పిలవలేదు. ఏ పట్టిక ఆయన ముందు పెట్టినా ముందు అడిగేది ఒకటే: "ఈ లెక్కల ఎవరు లేరు?" శాతాలు, సగటులు అన్నీ ఆ తర్వాతే. దేశాల ఆరోగ్యాన్నీ ప్రజల బాగోగులనూ పోల్చి చూపే సర్వేలను ఇవాళ నేను ఆ ప్రశ్నే అడుగుతాను.

పత్రికల్లో ఏటా మార్చి నెలలో వచ్చే సంతోష సూచీతో మొదలుపెడదాం. దాని వెనుక ఉన్నది ఒక నిచ్చెన. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు 1965లో తన పుస్తకంలో దాన్ని వివరించాడు. అడుగు మెట్టు సున్నా, పై మెట్టు పది, నీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో చెప్పమంటారు. గ్యాలప్ సంస్థ 2005 నుంచి దేశదేశాల్లో ఈ ప్రశ్న అడుగుతోంది. ఒక్కో దేశంలో ఏటా అడిగేది దాదాపు వెయ్యి మందిని. ఆ జవాబుల సగటుతో 2012 నుంచి ప్రపంచ సంతోష నివేదిక వస్తోంది. 2024 నివేదికలో కువైట్‌ది 13వ స్థానం, యూఏఈది 22, సౌదీ అరేబియాది 28. మనది 126.

ఈ నాలుగు అంకెలు నిజామాబాద్ జిల్లాలో చదివితే ఒక తీరుగా వినిపిస్తాయి. ఆర్మూరు, బాల్కొండ, భీంగల్ వైపు ఊళ్లలో ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు దుబాయ్ పోయినోళ్లే. కువైట్‌ను 13లో నిలబెట్టిన సగటులో మన ఊరాయన ఉన్నాడా? గల్ఫ్ దేశాల్లో గ్యాలప్ కొన్నేళ్ల పాటు ఆ దేశ పౌరులనూ అరబ్బు ప్రవాసులనూ మాత్రమే అడిగింది. తర్వాత ఇంగ్లిష్ వచ్చినవాళ్లను కూడా చేర్చుకున్నారు. లేబర్ క్యాంపులో మేస్త్రీ పని చేసే తెలుగాయన అక్కడి నిచ్చెన ఎక్కలేదు. ఇక్కడ చూద్దామా అంటే, సర్వే మనిషి తలుపు తట్టినప్పుడు ఆయన ఇంట్లో ఉండడు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికల్లో ఎక్కువ లెక్కలు క్రితం రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లను బట్టే వేస్తారు. రెండు దేశాలను పోల్చేటప్పుడు ఆ రెంటినీ కలుపుతున్న మనిషే రెండు చోట్లా జారిపోతాడు.

ఆయన పంపిన పైసలు మాత్రం జారిపోవు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే సంపద సూచీ అని ఒకటి ఉంటుంది. పక్కా ఇల్లు, టీవీ, ఫ్రిజ్, బండి, మరుగుదొడ్డి ఉన్నాయా లేవా అని టిక్కులు పెట్టి కుటుంబాలను ఐదు వంతులుగా విడదీస్తారు. టైల్స్ వేసిన ఇల్లు, మూలన ఫ్రిజ్, బయట మోటార్ సైకిల్ ఉంటే ఆ కుటుంబం పై వంతుకు చేరుతుంది. వీసా కోసం ఏజెంటుకు కట్టిన సొమ్ము ఎవరి దగ్గర, నూటికి ఎంత మిత్తికి తెచ్చారో ఆ సూచీలో గడి లేదు. ఆస్తి లెక్కకొచ్చింది, అప్పు రాలేదు. ఇది ఎవరి కుట్రా కాదు. ఇదే తరహా సర్వే చాలా దేశాల్లో జరుగుతుంది; ఇథియోపియాలోనూ పెరూలోనూ ఒకేలా అడగగలిగేవి వస్తువులే కాబట్టి వస్తువులనే అడిగారు.   

బీడీలు చుట్టే ఆమె సంగతి చూడండి. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. కొలత రేకు పెట్టి కత్తెరతో ఆకు కోసి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, కొస మడిచి, దారం కట్టేదాకా ఆమె తల ఎత్తదు. కూలి వెయ్యికి ఇంత అని లెక్క, తల ఎత్తితే కూలి తగ్గుతుంది. గాలిలో లేచే తంబాకు దుమ్ము ఆమెకూ, పక్కన పడుకున్న పసిపిల్లకూ ఒకటే. పొగాకు మీద పలు దేశాల్లో ఒకే తీరుగా చేసే పెద్ద సర్వే ఒకటుంది, గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే. మన దేశంలో 2009-10లో జరిగింది, మళ్లీ 2016-17లో. పొగాకు వాడే పెద్దలు 34.6 శాతం నుంచి 28.6 శాతానికి తగ్గారు. మంచి కబురే, నేను కాదనను. అయితే బీడీ చుట్టే ఆమెను పొగాకు వాడతావా అని అడిగితే లేదంటుంది, అది నిజం కూడా. రోజంతా పొగాకులో చేతులు పెట్టుకుని కూర్చున్న మనిషి, వాడనివాళ్ల గడిలో పడుతుంది.

ఇక నా పాణం ఎట్లున్నదని నా గురించి నేను చెప్పుకునే జవాబులు. దీని మీద అమర్త్య సేన్ 2002లో రాసిన మాటను సారు ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవారు. అప్పట్లో జబ్బుగా ఉన్నామని చెప్పేవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్నది కేరళలో, తక్కువ బిహార్‌లో. ఆయుర్దాయం చూస్తే అంతా తిరగబడేది. సేన్ అంతకన్నా పాత లెక్క ఇంకొకటి ఎత్తిచూపాడు. బెంగాల్ కరువు మరుసటి ఏడు, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో జరిగిన సర్వే అది. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం.

చెప్పుకునే జబ్బు వేరు, ఉన్న జబ్బు వేరు అనడానికి మన దగ్గరా సాక్ష్యం ఉంది, డిచ్‌పల్లిలో. 1915లో ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు డాక్టరమ్మ అక్కడ కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. నిజామాబాద్ దాత నర్సాగౌడ్ చేయూతనిచ్చాడు. చాల్‌మూగ్రా జాతి నూనెల ఇంజెక్షన్లతో వైద్యం దొరుకుతుందని తెలిసేకొద్దీ, దాక్కున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. రిజిస్టర్ చూస్తే రోగం పెరిగినట్టు ఉంటుంది. పెరిగింది వైద్యం మీద నమ్మకం.

ఈ చిక్కు విప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002-04లో 70 దేశాల సర్వేలో ఒక ఉపాయం వాడింది. అందరికీ ఒకే కల్పిత మనిషి కథ చెప్పి, ఆ మనిషి ఆరోగ్యం ఎలా ఉందంటారు అని అడగడం. ఫర్లాంగు నడిస్తే మోకాలు నొచ్చే మనిషిని ఒకరు బాగున్నాడంటే, మరొకరు బాగాలేడంటే, ఎవరి కొలత ఎంత బిగువో తెలుస్తుంది. తెలివైన పద్ధతి. నా మట్టుకు దాని మీద పూర్తి భరోసా లేదు. పక్కింటామె మోకాలి గురించి న్యాయంగా చెప్పే మనిషి కూడా తన మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఊరుకుంటుంది.

సర్వేలే దండగ అంటున్నానని అనుకోకండి. మనసుతో పనిలేని ప్రశ్నల దగ్గర అవి గట్టిగా నిలబడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. దేశం మొత్తం మీద 21.5. ఇథియోపియాలో 2016లో రెండు శాతం. అక్కడ కోత అందక తల్లులు పోతుంటే ఇక్కడ ముహూర్తం చూసుకుని కోస్తున్నారు. పక్కపక్కన పెడితే తప్ప ఈ సిగ్గు కంటికి కనిపించదు.

కానీ బోధన్‌కు జరిగింది ఏ పట్టికలో ఉంది? 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. నిజాంసాగర్ నీళ్లు, మంజీర కింద చెరకు, శక్కర్‌నగర్‌లో క్వార్టర్లు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ పెట్టి మూసేశారు. కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16, ఐదో విడత 2019-21. మూతపడ్డది ఆ రోజుల్లోనే కదా, ముందూ వెనకా పోల్చుదామంటే, 2016 అక్టోబర్ 11న కామారెడ్డి విడిపోయింది. నాలుగో విడత నిజామాబాద్, ఐదో విడత నిజామాబాద్ ఒకే జిల్లా కావు. పైగా జిల్లా కన్నా కిందికి ఆ సర్వే దిగదు. వేల కుటుంబాల బతుకు తిరిగిపోయిన సంగతి, గీతలు మారిన నక్షా కింద మునిగిపోయింది.

మనిషినే పట్టుకుని వెంట నడిచిన సర్వే నాకు తెలిసినంతలో మన నేల మీద గొప్పది యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిస్తోంది. ఇథియోపియా, వియత్నాం, పెరూ, నాలుగోది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2002 నుంచి నాలుగు చోట్లా కలిపి పన్నెండు వేల మంది పిల్లలు, మనవాళ్లు దాదాపు మూడు వేలు. పక్కనున్న కరీంనగర్ ఉంది, నిజామాబాద్ లేదు. ర్యాంకులు ఇవ్వడం దాని పని కాదు. అదే పిల్లను ఐదేళ్లప్పుడు, ఎనిమిదేళ్లప్పుడు, పెళ్లయ్యాక మళ్లీ వెళ్లి కలుస్తారు. అందువల్లే తెలిసింది, చిన్నప్పుడు కరువు దెబ్బకు ఎదుగుదల తగ్గిన పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనంతో ఆ లోటు పూడ్చుకోగలిగారని. ఏ ఏటికాయేడు కొత్త ఇండ్లు ఎంచుకునే సర్వే ఈ మాట చెప్పలేదు. కరోనాలో ఇంటికి వెళ్లే వీలులేక వీళ్లు ఫోన్లోనే మాట్లాడారు, పని జరిగింది.

కాబట్టి దూరాన ఉన్నవాణ్ణి అడగలేమన్న సాకు ఇక చెల్లదు. డిచ్‌పల్లిలోనే తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. రెండు వందల ఇండ్లు చాలు: శక్కర్‌నగర్‌లో కొన్ని, ఆర్మూరు దగ్గర ఒక ఊరు, నిజామాబాద్‌లో ఒక బీడీల వాడ. ఒక్కో ఇంటికి రెండు ఇంటర్వ్యూలు, ఒకటి ఇక్కడ గడప దగ్గర, ఇంకొకటి ఫోన్లో అక్కడున్నాయనతో. ప్రశ్నలు యంగ్ లైవ్స్ అడిగినవే, పోల్చుకోవడానికి వీలుగా. వాటికి మిత్తి ఒకటి, తంబాకు దుమ్ము ఒకటి కలపండి. అసలు కష్టం ఏమిటంటే ఎం.ఏ. రెండేళ్లలో అయిపోతుంది, ఈ పని పదేళ్లు సాగాలి. రిజిస్టర్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోవాలి, దాన్ని కాచుకోవడానికి ఒక మనిషికి జీతం ఇవ్వాలి. ఈ స్మారక నిధి మీద వచ్చే వడ్డీ ఏటా శాలువాలకూ, హాలు కిరాయికీ, నాలాంటివాడి రైలు చార్జీలకూ పోతోంది. వచ్చే ఏడు ఉపన్యాసం ఆపి, ఆ సొమ్ము ఆ జీతానికి ఇవ్వండని నిర్వాహకులను ఈ వేదిక మీది నుంచే అడుగుతున్నాను.