వదంతియు వార్తయు

(గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున మా పట్టణ పఠనమందిరమున మేము చేసిన ప్రసంగ పాఠము. సభకు రాలేకపోయిన పాఠకులు కొందరు కోరుటచే ఇందు ప్రకటించుచున్నాము.)



పత్రికలను గూర్చి మాటలాడుడని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. పత్రికవానిని పిలిచి పత్రికలను గూర్చి చెప్పుమనుట, వంటవానిని పిలిచి వంట యెట్లున్నదని యడుగుట వంటిది. బాగున్నదనియే అతడు చెప్పును. కావున మేము మొదట మా తప్పొకటి చెప్పుకొని ఆరంభింతుము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేసవిలో మా పత్రికయందొక వింతవార్త వెలువడినది. సమీప గ్రామమున ఒక వేపచెట్టునుండి పాలు ధారగా కారుచున్నవనియు, జనులు చెట్టునకు పసుపు కుంకుమలు పూసి చీర చుట్టినారనియు, ఆ పాలు చెంబులతో పట్టి రోగులకు త్రాగించుచున్నారనియు వ్రాసితిమి. ఎవరో చెప్పగా వ్రాసితిమే కాని మేము చెట్టును చూడలేదు. ఆ ఆదివారము ఈ మందిరముననే, ఈ బల్లయొద్దనే, ఆ వార్తను ఒకరు బిగ్గరగా చదివిరి. అప్పుడు మూలబెంచీ మీద కూర్చున్న విశ్రాంతోపాధ్యాయులొకరు (వారిప్పుడు లేరు) కండ్లద్దములు తీసి, "సంపాదకులవారూ, అది వేపకల్లు కదండీ! మా తాతగారి దొడ్డిలో రెండుమారులు కారినది. తమరు చెట్టును చూచి వ్రాసినారా, చెవులతో విని వ్రాసినారా?" అని యడిగిరి. అందరు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. మరుసటి వారము సవరణ వేసితిమి. ఎక్కడ? ఏడవ పుటలో, తలనూనె ప్రకటన క్రింద, చీమ తలకాయంత అక్షరములతో! వింత మొదటి పుటలో, సవరణ యేడవ పుటలో. మా వృత్తియందలి పాపమంతయు ఆ రెండు పుటల నడుమనే యున్నదని మాకు నాడు తెలిసినది.

వింతవార్తలయందు జనులకు మక్కువ యుండుట నేటి మాట కాదు. 1979వ సంవత్సరమును ఇచ్చటి పెద్దలు మరచియుండరు. అమెరికావారు 1973లో ఆకాశమునకు పంపిన స్కైలాబు అను అంతరిక్షశాల తిరిగి భూమి మీద పడనున్నదని పత్రికలును రేడియోయు చెప్పినవి. చెప్పినది నిజమే. అది యెచ్చట పడునో పంపినవారికే తెలియదనుటయు నిజమే. కాని వార్త పట్టణము దాటి పల్లె చేరునప్పటికి లోకాంతమైనది. మన తెలుగు పల్లెలలో కోళ్లను, మేకలను కోసుకొని తిన్నవారు, ఇక మిగిలిన దినములకేల యని దాచుకొన్నది ఖర్చు పెట్టినవారు, బాకీ తీర్చనక్కరలేదని సంతోషించినవారు కలరు. అది జులై 11వ తేదీన హిందూమహాసముద్రమునను, ఆస్ట్రేలియా పశ్చిమభాగమునను తునుకలై పడినది. మరునాడు బాకీవాడు గుమ్మములోనికి వచ్చినాడు! ఎస్పరెన్సు అను నచ్చటి పట్టణపు స్థానిక సంఘమువారు మాత్రము, మా యూరిలో చెత్త వేసినందుకని అమెరికా అంతరిక్ష సంస్థకు నాలుగు వందల డాలర్ల జరిమానా విధించిరి. ముప్పది యేండ్లకు, 2009లో, అమెరికాలోని ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతలచే చందా పోగుచేసి దానిని చెల్లించినాడు. చెత్త వేసినవాడు ఎంతటివాడైనను జరిమానా వ్రాసి చేతికిచ్చు పురపాలకసంఘమును చూడ మాకసూయ కలుగుచున్నది.

1995 సెప్టెంబరు 21వ తేదీన విఘ్నేశ్వరుడు పాలు త్రాగినాడను మాట ఢిల్లీలో తెల్లవారకముందు పుట్టి సాయంకాలమునకు దేశమంతయు, దేశము దాటి లండను నగరమును చేరినది. నాడు చేతి ఫోనులు సామాన్యుల యొద్ద లేవు. భక్తి మీద మాకు పరిహాసము లేదు. దేవుని యెదుట చెంచాతో పాలు పట్టి నిలుచున్న ముసలమ్మకు మేము నమస్కరింతుము. కాని ఆ దినముననే ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి పట్టి, పాలు తొండము లోనికి పోవుట లేదనియు, విగ్రహము మీదుగా సన్నని పొరయై క్రిందికి జారుచున్నవనియు చూపిరి. నమ్మువారు నమ్మిరి, మానువారు మానిరి. ఎవరి ప్రాణమును పోలేదు. అడిగినవాడొకడు, చూపినవాడొకడు జనుల నడుమ నుండిరి.

2016 నవంబరులో క్రొత్తగా వచ్చిన రెండువేల రూపాయల నోటులో, భూమిలో పాతిపెట్టినను ఆకాశమునుండి కనిపెట్టగల సూక్ష్మయంత్రమున్నదని కొన్ని టెలివిజను వార్తాశాలలు బొమ్మలు గీచి మరీ చెప్పినవి. రిజర్వు బ్యాంకు ప్రకటించిన నోటు లక్షణములలో అట్టి యంత్రమేదియు లేదు. 2023 మే నెలలో ఆ నోటును చలామణినుండి ఉపసంహరింతుమని బ్యాంకు ప్రకటించినది. ఈ వింతను పల్లెవాడు పుట్టింపలేదనుటయే మా మాట. చదువుకొన్నవారు, కోటు తొడుగుకొన్నవారు, దీపముల వెలుగులో కూర్చుండి చెప్పినారు.

ఇంతవరకు నవ్వుకొనదగిన మాటలు. ఇక నవ్వరాని మాట చెప్పవలసియున్నది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో ఒక మాట పుట్టినది. ఎవరి చేతిలోని ఫోను వారికి చెప్పినది. ప్రక్కవానిని అడుగవలసిన పని లేకపోయెను. ఆ మే నెలలో హైదరాబాదు పాతబస్తీలో భిక్షకై వచ్చిన హిజ్రా నొకరిని గుంపు కొట్టి చంపినది. జులై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్పాడాలో, ఊరూర తిరిగి యాచించి బ్రదుకు సంచారజాతివారు ఐదుగురిని, పంచాయతీ కార్యాలయపు గదిలో పెట్టి కొట్టి చంపిరి. వారు సంతకు వచ్చినవారు. ఆ నెలలోనే ఆ కంపెనీవారు, మన దేశమున ఒక మాటను ఒక్కసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టుదిట్టము చేసిరి. ఐదు చాలునని వారికెవరు చెప్పిరో! పంపువాడు ఐదుగురికి పంపిన, ఆ యైదుగురు తలకైదుగురికి పంపుటకు అడ్డమేమున్నది?

అదే సంవత్సరమున మన జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో వేరొక కథ నడచినది. అప్పటి పోలీసు అధికారిణి రమా రాజేశ్వరిగారు నాలుగు వందలకు పైగా నున్న గ్రామములకు తమ సిబ్బందిని పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఈ దొంగల మాట కల్ల యని ఊరి నడుమ చాటించిరి. ఆ గ్రామములలో ఈ వదంతికి ఒక్క ప్రాణమును బలి కాలేదు. ఇందు క్రొత్త యంత్రమేమున్నది? చాటింపు మన తాతలనాటిది. దండోరా వినుటకు ఊరివారు ఒక్కచోట చేరుదురు. చేరిన చోట ఒకడు ప్రశ్నించును, ఒకడు బదులు చెప్పును, పిరికివానికి ధైర్యము కలుగును. పడకగదిలో ఒంటరిగా ఫోను చూచుకొనువానికి ఈ ముగ్గురిలో నొకడును లేడు.

అబద్ధపు వార్తలనణచుటకు గట్టి చట్టము చేయవలెనని కొందరు మిత్రులు మాతో వాదింతురు. మేమొప్పుకొనలేదు. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండించుచు బెజవాడ "స్వరాజ్య" పత్రికలో వెలువడిన వ్యాసమునకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాలకు పోయిరి. ఏ మాట సత్యము, ఏ మాట ద్రోహము అని నాడు నిర్ణయించినవారెవరు? సర్కారువారే. నేటి సర్కారు మనది, నాటిది పరాయిది. ఆ భేదమును మేమెరుగనివారము కాము. అయినను తన్ను గూర్చిన వార్తలలో ఏది అబద్ధమో తానే చెప్పుదునను అధికారమును మన ప్రభుత్వము కోరినను మేము కాదనియే అందుము. 2023లో కేంద్ర ప్రభుత్వము అట్టి యేర్పాటును నిబంధనలలో చేర్చగా, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసినది. అది మాకు సంతోషకరము.

ఇక పత్రిక తెలిసియే కల్ల వ్రాసిన నేమి చేయవలెను? వదంతికి తల్లిదండ్రులుండరు, వెలకు వ్రాసిన వార్తకు ఇద్దరును కలరు. 2009 ఎన్నికల కాలమున అభ్యర్థుల స్తోత్రపాఠములను వార్తలుగా అచ్చువేసి వెల పుచ్చుకొను ఆచారము దేశమున ఎంత ముదిరినదో విచారించుటకు ప్రెస్ కౌన్సిలు ఇద్దరు సభ్యులను నియమించినది. వారిలో ఒకరు మన తెలుగువారు, కె. శ్రీనివాసరెడ్డిగారు, రెండవవారు పరంజయ్ గుహా ఠాకుర్తాగారు. వారు 2010లో డెబ్బదియొక్క పుటల నివేదికను పేర్లతో సహా సిద్ధపరచిరి. కౌన్సిలు పదమూడు పుటలు మాత్రము ప్రకటించి తక్కినది అటక మీద పెట్టినది. సమాచార కమిషను ఆజ్ఞ వలన 2011లో గాని అది పూర్తిగా బయటపడలేదు. పత్రికల తప్పునెంచు సభయే పత్రికల పేరు చెప్పుటకు జంకినది! మా యేడవ పుట సవరణకు ఇది పెద్దన్న. ఆ 2011 అక్టోబరులోనే, ఉత్తరప్రదేశమున ఒక శాసనసభ్యురాలు ఇట్టి వార్తలకైన ఖర్చును లెక్కలో చూపలేదని ఎన్నికల సంఘము ఆమెను మూడేండ్లు అనర్హురాలిని చేసినది.

ఈ మోసము మహారాష్ట్రమున ఎట్లు పట్టుబడినదో వినుడు. అప్పటి ముఖ్యమంత్రిని కొనియాడు వ్యాసమొకటి, ఒకదానితో నొకటి పోటీపడు మరాఠీ పత్రికలలో మాటకు మాట తప్పక వెలువడినది. పత్రికా రచయిత పి. సాయినాథ్‌గారు దానిని బయటపెట్టిరి. వెల ఇచ్చిన మాట లేదని ఆ నాయకుడనెను. ఆ తగవులోనికి మేము పోము. కాని ఒక పత్రికను చదువువాడు ఆ వ్యాసమును నూరుమార్లు చదివినను అతనికేమియు తోచియుండదు. మూడింటిని ప్రక్కప్రక్కన పరచిననే గుట్టు తెలియును. అట్లు పరచుటకు చోటెక్కడ? మన యిండ్లలో లేదు. మనము మనకు నచ్చిన పక్షమును మోయు పత్రికనొక్కదానినే తెప్పించుకొందుము. ఉదయమున ఎవరి గుమ్మములో ఏ పత్రిక పడినదో చూచి వారి ఓటు చెప్పవచ్చునని మా పత్రికలు పంచు కుర్రవాడు మొన్న అన్నాడు. ఏ విలేఖరియు అంత బాగుగా మా రాజకీయములను గూర్చి వ్రాయలేదు.

ఈ బల్ల మీద మాత్రము అన్ని పక్షముల పత్రికలును నేటికిని ప్రక్కప్రక్కన నున్నవి. ఈ పక్షము వానికి మహాసభగా కనబడినది ఆ పక్షము వానికి ఖాళీ కుర్చీలుగా కనబడును. రెండును చదివినవాడు కుర్చీలను తానే లెక్కించుకొనును. చెరనుండి వచ్చిన గాడిచర్లవారు తమ జీవితమున పెక్కేండ్లు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును ధారపోసిరి. పత్రిక వ్రాసిన చేతితోనే ఆయన బల్లలు వేయించుటకు పూనుకొన్నారు. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభను అయ్యంకి వెంకటరమణయ్యగారు సమకూర్చిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు త్రిప్పిరి. వారికి సర్కారు పైకము లేదు. పిడికెడు బియ్యమును చందాగా పుచ్చుకొని నడపిన గ్రంథాలయములు మన జిల్లాలలో నుండెడివి.

నేడు మనకు పైకము కలదు. 1960నాటి పౌర గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరము చెల్లించుచున్నాము. రెండువేల రూపాయల పన్ను గల యిల్లు నూటయరువది రూపాయలిచ్చును. మీ రశీదు తీసి చూడుడు, అందు ప్రత్యేకముగా వ్రాసియుండును. స్థానిక సంఘములు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్చవలెను. అనేక స్థానిక సంఘములు వసూలు చేయుట మానలేదు, చేర్చుట మానినవి. ఆ పైకము జీతములకో, కాలువ పూడికకో, ఏ పండుగ దీపములకో వాడుకొనబడుచున్నది. ఈ మందిరమునకు గడచిన వేసవినుండి రెండు పత్రికలు నిలిచిపోయినవి. గ్రంథపాలకుడు తన జేబునుండి ఒకదానిని తెప్పించుచున్నాడు. పేరు చెప్పవలదని ఆయన కోరినాడు. సాయంకాలము ఆరు గంటలకే తలుపు మూయుచున్నారు. పనిచేసి వచ్చువాడు ఆరు గంటలకు ముందు ఎట్లు రాగలడు?

ఉచితముగా పంచుటకు, ప్రకటనలకు, విగ్రహములకు కోట్లు ఖర్చు పెట్టు ప్రభుత్వములను మేము రెండు రాష్ట్రములలోను, అన్ని పక్షములలోను చూచితిమి. మేము దానము కోరుట లేదు. మన పేర వసూలు చేసినది మన బల్లకు చేర్చుమనుచున్నాము.

పది సంవత్సరములనుండి మన పట్టణమున ఎంత గ్రంథాలయ పన్ను వసూలైనది, అందెంత జిల్లా సంస్థకు చేరినది, చేరనిది ఏ పద్దున ఖర్చయినది అని సమాచార హక్కు చట్టము క్రింద మేము గత సోమవారమున దరఖాస్తు పెట్టితిమి. ముప్పది దినములలో జవాబీయవలెను. వచ్చిన జవాబును వచ్చినట్లే మొదటి పుటలో అచ్చువేసి, ఒక ప్రతిని ఈ బల్ల మీద పెట్టెదము. అంకెలలో తప్పున్నయెడల మూలబెంచీ వారు నిర్మొగమాటముగా అడుగుదురుగాక. సవరణ కూడ మొదటి పుటలోనే వేయుదుము.