అధికారి – నాయకుడు



మంచి నాయకునికీ, కేవలం పైఅధికారిగా ఉన్నవానికీ భేదమేమిటో చెప్పవలసిందిగా నన్ను కోరినారు. ఇందుకు ఉదాహరణ వెదకుతూ మనం దూరం పోనక్కరలేదు. ఈ నగరం నడిబొడ్డున ఉన్న జయస్తంభ్ కూడలి మీ అందరికీ తెలుసు. 1857 డిసెంబరు 10వ తేదీన సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌ను ఉరితీసింది అక్కడనే అని ఈ ప్రాంత ప్రజలు చెప్పుకొంటారు.

ఆయన బింఝ్వార్ గిరిజన తెగకు చెందినవాడు. పుట్టుకతో లభించిన జమీందారీ ఆయనకు అధికారమిచ్చింది. శిస్తు వసూలు చేయించుకొని, పైవారికి చెల్లించవలసింది చెల్లించి ఉన్నట్లయితే సుఖంగా కాలం గడిచిపోయేది. కాని 1856లో వానలు ముఖం చాటువేసినాయి. పంటలు ఎండిపోయి ప్రజలు ఆకలితో అలమటిస్తూ ఉంటే, కస్డోల్‌లో ఒక వర్తకుని కొట్లలో ధాన్యం నిలువ ఉన్నది. నారాయణ్ సింగ్ ఆ ధాన్యాన్ని తీయించి ఆకలిగొన్నవారికి పంచిపెట్టినాడు.

ఆ తరువాత ఆయన చేసిన పనిని మీరు ప్రత్యేకంగా గమనించాలి. తాను చేసిన దానిని దాచిపెట్టక, రాయపూర్‌లోని డిప్యూటీ కమిషనరుకు స్వయంగా తెలియజేసినాడు. “ఎవరో మూక దోచుకొన్నది, నాకు సంబంధం లేదు” అని తప్పించుకొనుటకు వీలుండి కూడ బాధ్యతను తన పేరిటనే వ్రాసుకొన్నాడు. వర్తకుడు ఫిర్యాదు చేసినాడు. 1856 అక్టోబరులో నారాయణ్ సింగ్ నిర్బంధితుడై రాయపూర్ చెరసాలకు చేరినాడు.

మరుసటి ఏడు ఆగస్టులో ఆయన చెరనుండి తప్పించుకొని, సోనాఖాన్‌లో సుమారు 500 మందిని సమీకరించి కంపెనీ సేనలను ఎదిరించినాడు. డిసెంబరు తొలి రోజులలో మరల పట్టువడినాడు. తన ప్రజలు అగ్నికి ఆహుతి కాకూడదనియే ఆయన లొంగిపోయినాడని స్థానికుల కథనం.

నాయకత్వ లక్షణం ఇక్కడ స్పష్టపడుతున్నది. సామాన్య అధికారి దుర్మార్గుడు కానక్కరలేదు. అతడు దస్త్రం చూస్తాడు, నిబంధన చూస్తాడు, పైవారి అభిప్రాయం కనుక్కొంటాడు. కార్యం సఫలమైతే కీర్తి తాను తీసుకొని, విఫలమైతే తప్పు క్రిందివారి మీదికి నెట్టుతాడు. నాయకుడు తన క్రింద ఉన్నవారికి తాను జవాబుదారినని భావిస్తాడు. కష్టఫలం వచ్చినపుడు ముందుగా తానే చేయి చాపుతాడు.

ఇట్టి గుణం ఒక ప్రాంతానికో, ఒక తెగకో పరిమితం కాదు. 1866లో రాయలసీమను కరువు పీడించినపుడు, నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యాన్ని వెచ్చించి వేలమందికి అన్నం పెట్టించినాడు. ఆయనకు సోనాఖాన్ ఎక్కడ ఉన్నదో తెలిసి ఉండకపోవచ్చు. భాష వేరు, కులం వేరు, నడచిన మార్గమూ వేరు. తమకున్న హోదా ప్రజల ప్రాణాలకంటె మిన్న కాదని గ్రహించుటలో మాత్రం ఇరువురూ ఒక్కటే. భారత ఐక్యత ఇట్టి చోట్లనే వేరూని ఉన్నది.

విద్యార్థులారా! నేడు ఎవరి కొట్లనూ బ్రద్దలు కొట్టవలసిన అవసరం లేదు. మనకు రాజ్యాంగం ఉన్నది, పంచాయతీలున్నవి, చౌక ధరల దుకాణాలున్నవి. అయితే వీటిని నడిపేవారు మీలోనుండే రావాలి. రేపు మీలో కొందరు కార్యాలయాలలోను, ఉక్కు కర్మాగారాలలోను, పాఠశాలలలోను పదిమందికి ఆజ్ఞలిచ్చే స్థానంలో కూర్చుంటారు. వృద్ధురాలి పింఛను కాగితం బల్లమీద నిలిచిపోయినపుడు “గుమాస్తా ఆలస్యం చేసినాడు” అనుట సులభం. “ఈ ఆలస్యం నాది, సరిదిద్దుతాను” అనుట కష్టం. ఆ రెండవ మాట అనగలిగిన రోజున మీకు కుర్చీ ఇచ్చిన అధికారమే గాక, ప్రజలిచ్చే నాయకత్వం కూడ లభిస్తుంది.

నారాయణ్ సింగ్ స్మారకంగా 1987లో తపాలా బిళ్ళ వెలువడింది. నవ రాయపూర్‌లోని అంతర్జాతీయ క్రికెట్ క్రీడాంగణం ఆయన పేరు ధరించింది. ఆయనను బంధించిన అధికారుల పేర్లు ఈ వీధులలో నడిచేవారికి తెలియవు. పదవి ముగిసిన తరువాత మిగిలేదేమిటో ఆలోచించండి.