ఆడపిల్లలకు అద్దాలు



బోర్డు మీది అక్షరాలు ఆనక పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకునే ఆడపిల్లలు మన కొల్లాపూర్‌లోనూ ఉన్నారు. అద్దాలు పెడితే సంబంధాలు రావట! మరి చదువు ఆగిపోతే వస్తాయా? మేము గట్టిగా చెప్పేదేమంటే, అద్దాలు పెట్టినందుకు నంబరు పెరగదు. హ్రస్వదృష్టిలో కనుగుడ్డు పొడవు సాగుతుంది, మైనస్ అద్దం ఆ చూపును సరిచేస్తుంది. కాంటాక్ట్ లెన్సుకు నీళ్ళు తగలరాదు. వజూ చేసేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకోవాలె, పడుకునేముందు తీసెయ్యాలె. లేజరు సంగతి 18 ఏళ్ళు దాటి, నంబరు నిలకడైనంకనే. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలు ఉచితంగానే ఇచ్చినారు. పిల్లల నంబరు మాత్రం ఏటేటా మారుతుంది, ఏడాదికోసారి చూపించాలె. పగటిపూట ఆరుబయట ఆడనియ్యండి, ఆడపిల్లలను గూడ.