నీడ అందరి సొత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు క్రొత్త పఠన మందిరము కట్టవలెనని కార్యవర్గము తలపెట్టినది. చాల సంతోషము. అయితే ఇటుక యెంత, సిమెంటెంత అను లెక్కకు ముందు వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. వైశాఖమాసమున మధ్యాహ్నము రెండు గంటలవేళ ఆ మందిరములో ఎవరు కూర్చుండగలరు? దానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మన పూర్వులు ఎండవానల పోకడ ఎరిగి ఇండ్లు కట్టిరి. మండువా లోగిలిని చూడుడు. నడుమ ఆకాశమునకు తెరచిన చోటు, చుట్టును వసారా. ప్రొద్దు గ్రుంకిన పిదప వేడిగాలి మండువాగుండ పైకి పోవును. చల్లగాలి క్రిందికి దిగును. శ్రీకాకుళ, విశాఖ తీరములందలి చుట్టిండ్లకు మూలలు లేవు. తాటాకు కప్పు నేలకు చేరువదాక దిగియుండును. గాలి దానిని చుట్టి పోవునే గాని పట్టి ఊపజాలదు.

అయినను ఒక నిజమును దాచరాదు. మండువా లోగిలి ఊరిలో ఏ నలుగురికో ఉండెడిది. తక్కినవారిది ఒంటిగది గుడిసె; నిప్పురవ్వ పడెనా, వాడకు వాడయే బూడిద. కావున పాతదంతయు మంచిదని నేననను. పక్కా కప్పు కావలెనని పేదవాడు కోరుట న్యాయమే. కాని రేకు పగలు పెనమువలె కాలును. కాంక్రీటు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రి ఆ వేడిని క్రిందనున్నవారిపై క్రక్కును. కలవాడు ఏ.సి. పెట్టుకొనును, అది లోపలి వేడిని వీధిలోనికి నెట్టును. లేనివాడు ఆ వీధిలోనే మంచము వాల్చుకొనును. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రములందును కలిసి వేయిమందికి పైగా మరణించిరి.

చల్లని ఇల్లు ధనవంతులకే కాదని చేసి చూపినవాడు లారీ బేకరు. ఆయన 1917లో ఇంగ్లండునందలి బర్మింగుహామున జన్మించి, మన దేశమునకు వచ్చి, హిమాలయ గ్రామములందును, పిదప కేరళమునందును పనిచేసి, 2007లో తిరువనంతపురమున కన్నుమూసెను. ఇటుకలను అంచుపై నిలిపి నడుమ బోలు విడిచెడి గోడను ఆయన ప్రచారములోనికి తెచ్చెను. దానివలన ఇటుకలు సుమారు నాలుగవవంతు మిగులును. బోలులోని గాలి వేడిని అడ్డును. కప్పు అడుగుభాగమున పెంకులు పొదిగి సిమెంటును, ఇనుమును ఆదా చేసెను. సందులు విడిచి కట్టిన జాలీ గోడ గాలిని రానిచ్చి ఎండను వడగట్టును. అన్నిటికంటె మిన్నయైనది, గీత గీయుటకు ముందు ఆ ఇంట ఉండబోవువారి బ్రతుకుతీరును అడిగి తెలిసికొనెడి ఆయన పద్ధతి.

కట్టియున్న కప్పులకును మార్గము కలదు. తెల్లని పూత ఎండను త్రిప్పికొట్టును. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఇందుకై చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. మన ఊరిలో వేసవికి ముందు డాబాపై రెండు పూతల సున్నము వేసికొనుటకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు.

ఇక మన మందిరము మాట. పడమట కిటికీలు తగ్గించి లోతైన వసారా దింపుడు. ఉత్తర దక్షిణములందు కిటికీలు ఎదురెదురుగా పెట్టుడు. ఆవరణలోని వేపచెట్టును కొట్టకుడు. మెట్ల ప్రక్కన ముసలివారికై వాలుదారి, స్త్రీలకు మరుగుదొడ్డి, అందరికిని త్రాగునీటి కుండ ఉండవలెను. నునుపురాతి నేలకై కేటాయించిన సొమ్మును ముందు వీనికి వెచ్చింపుడు. కూలి జనము నీడకై వచ్చి కూర్చుండిన, పుస్తకము పట్టలేదని లెమ్మనరాదు. నేడు నీడకై వచ్చినవాడు రేపు పత్రిక అందుకొనును.

తుదకొక ప్రార్థన. ప్లానుపై సంతకము చేయుటకు ముందు, కార్యవర్గ సభ్యులు ఒక మధ్యాహ్నము వాడలోని రేకుల ఇంట గంటసేపు కూర్చుండి రావలెను. ఆ పిమ్మట మీ నిర్ణయమేదైనను నాకు సమ్మతమే.