పెన్‌డ్రైవ్ పెట్టారని ఎవరు చెప్పారు?

పట్టాలు అందుకుంటున్న మీకూ, వెనక వరసల్లో ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

మనమున్నది తుర్కపల్లిలో. చుట్టూ జీనోమ్ వ్యాలీ, టీకాలూ మందులూ తయారయ్యే చోటు. ఇక్కడి ల్యాబుల్లో పరికరం పక్కనుండే కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టడం చిన్న సంగతి కాదు. పరీక్ష ఫలితం ఒక్కటి చెప్పాపెట్టకుండా మారినా ఆ బ్యాచ్ రికార్డును ఎవరూ నమ్మరు. అమెరికా ఎఫ్‌డీఏ 1997లోనే ఎలక్ట్రానిక్ రికార్డులకు ‘పార్ట్ 11’ నిబంధనలు పెట్టింది. కనక మీలో కొందరికి మొదటి ఉద్యోగంలోనే ఈ పని తగలొచ్చు: పెన్‌డ్రైవ్ పెట్టగానే పసిగట్టే ప్రోగ్రామ్ రాయమని.

రాయడం తేలికే. సెకనుకోసారి డ్రైవుల జాబితా తిరగేసే లూప్ మాత్రం వద్దు; అడక్కుండానే కబురు వస్తుంది. విండోస్‌లో దాని పేరు డబ్ల్యూఎం_డివైస్‌ఛేంజ్. కొత్త డ్రైవ్ అక్షరమేదో అందులోని 32 బిట్ల సంఖ్య చెబుతుంది. లినక్స్‌లో కెర్నల్ పంపే కబురును యుడెవ్ అనే ప్రోగ్రామ్ అందుకుంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఎంటీపీ అనే ఫైళ్ల బదిలీ పద్ధతిలో కలిపితే డ్రైవ్ అక్షరమే పుట్టదు. అక్షరాల కోసమే కాచుకున్న ప్రోగ్రామ్‌కు ఆ ఫోన్ కనబడదు, ఫైళ్లు మాత్రం వెళ్లిపోతాయి.

ఇంతకీ అది పెన్‌డ్రైవేనని కంప్యూటర్‌కు చెప్పిందెవరు? ఆ పెన్‌డ్రైవే. నువ్వెవరని కంప్యూటర్ అడుగుతుంది, నేను స్టోరేజీనని, యూఎస్‌బీ పరికరాల్లో తరగతి 08 అని అది జవాబిస్తుంది. పెళ్లికొచ్చినవాడు మగపెళ్లివారి తరఫునని చెప్పుకుంటే విస్తరి వేసినట్టు! కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ 2014లో బ్లాక్‌హ్యాట్ సదస్సులో చూపించింది ఇదే. ఫర్మ్‌వేర్ మార్చిన పెన్‌డ్రైవ్ తాను కీబోర్డునని చెప్పుకుని, ఆదేశాలు తనే టైప్ చేసేసింది. డ్రైవుల్నే చూసే కాపలాకు అది పట్టుబడదు. అందుకే వచ్చినదాన్ని గుర్తించడం వేరు, లోపలికి రానివ్వడం వేరు. రెండో పనికి అనుమతించిన పరికరాల జాబితా కావాలి, అదీ కీబోర్డులతో సహా.

సోమవారం ఉద్యోగంలో చేరేవాళ్లకు ఇంకొక్క మాట. ప్రోగ్రామ్ మొదలయ్యేసరికే పెట్టి ఉన్న పెన్‌డ్రైవ్ గురించి ఏ కబురూ రాదు. ముందు కబుర్లకు నమోదు చేసుకుని, తర్వాత ఉన్నవాటిని లెక్కపెట్టండి. వరస తప్పితే ఆ సందులో పెట్టింది జారిపోతుంది. ఒకటే రెండుసార్లు కనబడితే సీరియల్ నంబర్ చూసి ఒకటి కొట్టేయండి. చవక పెన్‌డ్రైవుల్లో కొన్నిటికి ఆ నంబరే ఉండదు; వాటినేం చేయాలో మీ క్వాలిటీ విభాగాన్ని అడిగి రాయండి.