ఇబ్నె ఖల్దూన్ కట్టిన శ్రమ ఖరీదు



అర్థశాస్త్రం అనగానే మన పిల్లలు ఆడం స్మిత్ పేరుతో పాఠం మొదలుపెడతారు. తప్పేం లేదు. 1776లో వచ్చిన ఆయన గ్రంథం గొప్పదే. అయితే అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు, 1377లో, ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో ఇటువంటి విషయాలే చర్చించాడు. 1332లో ట్యూనిస్‌లో పుట్టి, 1406లో కైరోలో కన్నుమూసిన ఈ పండితుడు పలు దర్బారులలో కొలువు చేసి, రాజ్యాలు లేవడం, కూలడం కళ్ళారా చూసినవాడు.

స్మిత్ గుండుసూదుల ఉదాహరణ ఇచ్చాడు. పదిమంది పని పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయి, ఒక్కడే కూర్చుంటే ఇరవై కూడా కావు అన్నాడు. ఇబ్నె ఖల్దూన్ గోధుమల ఉదాహరణ ఇచ్చాడు. ఒంటరి మనిషి తన తిండిగింజలు తాను పండించుకోలేడు. కమ్మరి, వడ్రంగి, దున్నేవాడు, కోసేవాడు, ఇలా ఆరుగురో పదిమందో కలిస్తే, వాళ్ళు తినగా ఇంకా ఎన్నో రెట్ల మందికి సరిపోతుంది. స్మిత్ ఈయన్ను చదివాడనడానికి ఆధారం లేదు. కనుక "మనవాడి దగ్గర కాపీ కొట్టాడు" అని గొప్పలు పోవద్దు. చెప్పిందేమిటో చూద్దాం.

మనిషి సంపాదన అంటే అతని శ్రమ విలువే అన్నాడాయన. అందుకే ఊరికే చాకిరీ చేయించుకోవడాన్ని మహా అన్యాయాలలో ఒకటిగా లెక్కగట్టాడు. పాత హైదరాబాదు రాజ్యంలో వెట్టి, బేగారి అనేవారే, అదన్నమాట. కష్టజీవికి శ్రమే ఆస్తి. దాన్ని గుంజుకుంటే పని మీద ఆశ చస్తుంది. సేద్యం పోతుంది, బజారు పడిపోతుంది, ఆఖరికి సర్కారు ఖజానాయే ఖాళీ అవుతుంది. పన్నుల సంగతీ అంతే. రాజ్యం తొలినాళ్ళలో తక్కువ పన్నుకు ఎక్కువ రాబడి, చివరి రోజుల్లో ఎక్కువ పన్నుకు తక్కువ రాబడి అన్నాడు.

రాజుల మాట అలా ఉంచండి. ఇంట్లో కూర్చుని జరీ పని చేసే ఆడవాళ్ళకు డబ్బులు నెలల తరబడి ఆపేవాళ్ళు మనలో లేరా? "పని నేర్చుకుంటున్నాడు గదా" అని షెడ్డులో కుర్రవాడికి చాయ్ తాగించి పంపేవాళ్ళు లేరా? ఇబ్నె ఖల్దూన్ లెక్కలో అది ఆస్తి లాక్కోవడమే. ఆ కుర్రవాడికి పని మీద ఆశ చచ్చిపోతే నష్టం వాడొక్కడిదేనా? మహల్లా మొత్తానిది.

ఆయన పేరు సభలో తలచుకోవడం తేలిక. కూలి లెక్క కట్టే సాయంత్రం కూడా తలచుకోండి. అంతే నేను కోరేది. సెలవు.