ఫైలుకి కూడా కఫీల్ ఉంటాడు: "పర్మిషన్ లేదు" అని వస్తే ఏం చేయాలి

దుఖాన్ నుంచి మాట్లాడుతున్నా. శుక్రవారం కదా, పక్క రూమ్‌లో బిర్యానీ దమ్ మీద ఉంది. వెనక ఏసీ మోత వినిపిస్తే ఏమనుకోకండి.

లాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ మీద నొక్కితే తెరుచుకోకుండా "పర్మిషన్ లేదు" అంటే ఏం చేయాలన్నది ఈ వారం ముచ్చట.

మా రూమ్‌లో జగిత్యాల తమ్ముడొకడు ఉన్నాడు. స్కాఫోల్డింగ్ పని. వాళ్ల కంపెనీలో టైమ్‌కీపర్ పోస్టు ఖాళీ అయింది, పోయిన ఆదివారం దానికి కంప్యూటర్ టెస్టు. పాసైతే ఎండలోంచి నీడలోకి వచ్చినట్టే. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, టైపింగ్ నేర్పే ప్రోగ్రామ్ ఒకటి డి డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. స్లో అయిందని షాపులో విండోస్ మళ్లీ వేయించాడు. టెస్టుకి మూడు రోజుల ముందు, గురువారం రాత్రి, ప్రోగ్రామ్ మీద నొక్కితే ఇంగ్లిష్‌లో ఒక డబ్బా వచ్చింది. ఈ ఫైల్ తెరవడానికి నీకు తగిన పర్మిషన్ లేకపోవచ్చు అని దాని అర్థం.

"అన్నా, లాప్‌టాప్ నాదే గదా. నన్నే పర్మిషన్ లేదంటదేంది?" అన్నాడు.

పై బెడ్ మీద ఆయన వెంటనే సలహా ఇచ్చాడు. "యాంటీవైరస్ ఆపెయ్. అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్. అదే తెరుచుకుంటది."

నేను వద్దన్నా. ఎందుకంటే రెండేళ్ల కింద నేను చేసింది అదే. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ ప్రోగ్రామ్ కోసం యాంటీవైరస్ ఆపేశా. వారం తిరగకుండా నా ఫొటోల పేర్లన్నీ మారిపోయాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితే తెరుస్తామని ఒక చీటీ మాత్రం వచ్చింది. మా అమ్మ ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మ లేదు, ఆ ఫొటోలూ లేవు.

అందుకే ముందు ఒక మాట. మనం చమురు ఫీల్డ్ మనుషులం. వెల్డింగ్ ఎంత బాగా వచ్చినా, హాట్ వర్క్ పర్మిట్ మీద సంతకం లేకుండా పని మొదలుపెట్టం. ఆ పర్మిట్ కూడా ఆ ఒక్క పనికి, ఆ ఒక్క చోటికి, ఆ కొద్ది గంటలకే. కంప్యూటర్‌లోనూ అంతే. ఫైల్‌ని చూడటం వేరు, మార్చటం వేరు, నడపటం వేరు. మూడింటికీ వేర్వేరు అనుమతులు. ప్రోగ్రామ్ తెరుచుకోవాలంటే నడిపే అనుమతి కావాలి. అనుమతి లేదంటే ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని చూడాలి గానీ, గేటే పీకేయకూడదు.

ఇప్పుడు వరసగా చూద్దాం.

మొదటిది, ఫైల్ అసలు ఉందా? డెస్క్‌టాప్ మీద ఉండేది చాలాసార్లు షార్ట్‌కట్టే. అసలు ఫైల్ జరిపినా, పెన్‌డ్రైవ్ తీసేసినా ఇలాంటి ఎర్రరే రావచ్చు.

రెండోది, యాంటీవైరస్ ఆపిందా? విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి. అక్కడ మీ ఫైల్ పేరు ఉంటే కొట్లాడకండి. ఆ ఫైల్ తీసేసి, ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్ల సైట్ నుంచే మళ్లీ దించుకోండి.

మూడోది, నెట్ నుంచి వచ్చిన ఫైలా? దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. జనరల్ ట్యాబ్‌లో కింద "అన్‌బ్లాక్" అని ఉండొచ్చు. నమ్మకమైన చోటి నుంచి తెచ్చిందైతేనే టిక్ పెట్టండి.

నాలుగోది, అదే ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్. మీ పేరు ఎదురుగా "రీడ్ అండ్ ఎగ్జిక్యూట్"కి అలవ్ ఉందా, డినై ఉందా చూడండి. మామూలుగా డినై టిక్ ఉంటే అలవ్ ఉన్నా పనిచేయదు.

అయిదోది, ఓనర్. సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్ నొక్కితే పైన కనిపిస్తుంది. మా తమ్ముడి రోగం ఇక్కడ దొరికింది. ఓనర్ దగ్గర మనిషి పేరు లేదు, ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఉంది. అంటే విండోస్ మళ్లీ వేసినప్పుడు పాత అకౌంట్ పోయింది, ఫోల్డర్ మాత్రం ఇంకా దాని పేరు మీదే ఉంది.

"అంటే కఫీల్ మారిండు, కాగితాల్ల పాత కఫీల్ పేరే ఉన్నది" అన్నాడు వాడు. నేను ఇంతసేపు చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేశాడు. 2018లో మనలో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు గానీ, కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ల మాటే చెల్లడం మనకి కొత్తా?

ముందు ఆ ఫోల్డర్‌ని యాంటీవైరస్‌తో స్కాన్ చేశాం. తర్వాత ఓనర్ పక్కన చేంజ్ నొక్కి వాడి యూజర్ పేరు ఇచ్చాం. లోపలి ఫైళ్లకీ వర్తించేలా కింద టిక్ పెట్టాం. వాడి ఒక్కడి పేరుకే రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ ఇచ్చాం. అందరికీ కాదు, ఫుల్ కంట్రోల్ కాదు. ప్రోగ్రామ్ తెరుచుకుంది. రాత్రి రెండింటి దాకా కీబోర్డు టకటక. ఎవరూ పడుకోలేదు, ఎవరూ తిట్టలేదు.

రెండు జాగ్రత్తలు. ఓనర్ మార్చే పని మీ సొంత ఫోల్డర్‌లోనే చేయండి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ జోలికి మాత్రం పోవద్దు, మొత్తం సిస్టమే మొరాయిస్తుంది. ఇక కంపెనీ లాప్‌టాప్ అయితే ఇవేవీ చేయకండి. అక్కడ ఆపింది కంపెనీయే, ఐటీ వాళ్లనే అడగండి. ప్రోగ్రామ్ కోసం పోయి ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు.

పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకున్నవాళ్లు ప్రాపర్టీస్‌లో పర్మిషన్స్‌కి వెళ్లి, ప్రోగ్రామ్‌గా నడపనివ్వు అనే టిక్ పెడితే చాలు. ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఆ టిక్ నిలవకపోవచ్చు, ముందు హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.

ఆదివారం వాడు టెస్టు రాసొచ్చాడు. పోస్టు వచ్చిందా అంటే, ఇంకా చెప్పలేదు. వాడు మాత్రం రోజూ గంట టైప్ చేస్తూనే ఉన్నాడు.

చివరగా ఒకటి. అమ్మానాన్నల ఫొటోలు ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంచకండి. ఈరోజు సెలవే కదా, ఇంకో చోట కాపీ పెట్టండి. బిర్యానీ పిలుస్తోంది. ఉంటా మరి.